తాళం చేతికి రాకముందే అద్దె కట్టిన కథ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులుగా ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగినప్పుడు మా ముగ్గురికీ చాలా సంతోషం కలిగింది. అయితే ఏం రాయాలన్న దగ్గరే పేచీ వచ్చింది. కష్టపడితే సాధించలేనిది లేదని రాద్దామని ఒకడన్నాడు. అటువంటివి మీరు ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నారు, ప్రతి సభలోనూ వింటూనే ఉన్నారు. విదేశాలకు పోయినవాళ్లు విమానం ముందు దిగిన ఫోటో చూపిస్తారే గాని, పోయిన డబ్బు లెక్క ఎవరూ చెప్పరు. అందుకే మేము మోసపోయిన సంగతి రాయాలని చివరికి ముగ్గురం ఒప్పుకున్నాం. మా పేర్లు వేయొద్దని కోరాం. పేర్లు లేకపోయినా మా బ్యాచ్ వాళ్లు గుర్తుపట్టి నవ్వుకుంటారు, ఫర్వాలేదు.

మేము ముగ్గురం హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లం. ఆ గదిలో మొత్తం పద్నాలుగు మందిమి. ఒక ట్రంకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దుప్పటి. పెట్టె ఎక్కడ పెడితే అదే మన ఇల్లు. ఆరో తరగతి నుంచి పది దాకా అక్కడ, ఆ తర్వాత కాలేజీ హాస్టల్, ఆ తర్వాత యూనివర్సిటీ హాస్టల్. ఇరవై మూడేళ్లు వచ్చేదాకా మేము ఎవరికీ ఒక్క రూపాయి అద్దె కట్టలేదు. అడ్వాన్స్ అంటే ఏంటో, అగ్రిమెంట్ మీద ఎవరు సంతకం పెట్టాలో, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏం అడగాలో మాకు తెలియదు. మా ఇళ్లల్లోనూ తెలియదు. మా అమ్మానాన్నలు అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కారు. సర్కారు ఇచ్చిన ఇందిరమ్మ ఇంట్లోనో, తాతల నాటి గుడిసెలోనో ఉన్నవాళ్లు. పట్నంలో పెరిగిన పిల్లలకు పుట్టుకతో తెలిసే ఈ విద్య మన హాస్టల్ పిల్లలకు ఎవరూ నేర్పరు. మేము దెబ్బ తిన్నది సరిగ్గా అక్కడే.

2022లో మా ముగ్గురికీ ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో పీజీ సీట్లు వచ్చాయి. ఇద్దరికి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి మంజూరయింది, ఒకడు బ్యాంకు లోను తీసుకున్నాడు. విద్యానిధి గురించి ఒక విషయం తమ్ముళ్లు తెలుసుకోవాలి. ఆ 20 లక్షలు ఒకేసారి చేతికి రావు. అక్కడ దిగినట్టు కాగితం పంపిన తర్వాత మొదటి విడత, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించిన తర్వాత రెండో విడత. అంటే విమానం ఎక్కేనాటికి, దిగిన మొదటి వారాలకు, కావలసిన డబ్బంతా మనమే ఎక్కడినుంచైనా తేవాలి. గదికి కట్టే డబ్బు కూడా అందులోదే. అందుకని ఎక్కడ తక్కువకు గది దొరుకుతుందా అని మేము జూలై నుంచే వెతకడం మొదలుపెట్టాం.

మొదట మన తెలుగువాళ్లనే అడిగాం. అక్కడ ఇళ్లు తీసుకుని రూములు పంచుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక అన్న ఫోన్లో చాలా బాగా మాట్లాడాడు. గది ఉంది, నెలకు మనిషికి 300 పౌండ్లు, వచ్చేయండి అన్నాడు. ఆ తర్వాత ఇంటిపేరు అడిగాడు. ఊరు ఏది అన్నాడు. ఊళ్లో ఎటువైపు అన్నాడు. ఎటువైపో చెప్పాం. సాయంత్రానికి "సారీ బ్రదర్, రూమ్ ఫుల్ అయింది" అని మెసేజ్ వచ్చింది. రెండు రోజుల తర్వాత అదే గదికి మనిషి కావాలని అతనే మళ్లీ రాసుకున్నాడు. ఇట్లా రెండు చోట్ల జరిగింది. అందరూ అట్లాంటివాళ్లే అని మేము అనడం లేదు. తర్వాత మమ్మల్ని ఆదుకున్నవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. కానీ ఆ రెండు అనుభవాలతో మనసు విరిగి, మనవాళ్ల కన్నా ముక్కూ మొహం తెలియని తెల్లవాడే నయం, మన ఊరి సంగతి వాడికి అక్కర్లేదు అనుకున్నాం. మోసగాడి వైపు మేము నడిచి పోవడానికి అసలు కారణం అదే.

అప్పుడే ఒక ప్రకటన కనబడింది. యూనివర్సిటీకి నడిచి పోయేంత దూరంలో, నార్‌బరో రోడ్డు పక్క వీధిలో, మూడు పడకగదుల ఇల్లు. కరెంటు, గ్యాసు, నీళ్లు, ఇంటర్నెట్ అన్నీ కలిపి నెలకు 600 పౌండ్లు. ఫోటోలు అద్దంలా ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఒక్క గదికే 400 పౌండ్లు అడుగుతున్నారు. అంత తక్కువ ఎందుకని అనుమానం రావాలి కదా! మాకు అనుమానం రాలేదు, అదృష్టం అనుకున్నాం. ఉద్యోగం మీద స్కాట్లాండు వెళ్లానని, అందుకే తక్కువకు ఇస్తున్నానని, మంచి పిల్లలు ఉంటే చాలని ఇంటాయన రాశాడు. తన పాస్‌పోర్టు ఫోటో కూడా పంపాడు. మా ముగ్గురి పేర్లతో ఏడు పేజీల అగ్రిమెంటు పంపాడు. మా పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో అంత పెద్ద కాగితం మీద చూసుకుని మురిసిపోయాం.

డిపాజిట్ 600, మొదటి నెల అద్దె 600, మొత్తం 1,200 పౌండ్లు కడితే తాళాలు కొరియర్‌లో పంపిస్తానన్నాడు. ఇంకో రెండు కుటుంబాలు సాయంత్రంలోగా కడతామంటున్నాయి, తొందరపడమన్నాడు. అకౌంటు మాత్రం వేరే పేరు మీద ఉంది. అడిగితే తన భార్యది అన్నాడు. అప్పటి రేటు పౌండుకు 95 రూపాయల చొప్పున 1,14,000 రూపాయలు. మనిషికి 38,000. ఒకడి అమ్మ మహిళా సంఘంలో గ్రూపు లోను తీసింది. ఒకడి నాన్న రెండు మేకలు అమ్మాడు. ఒకడు అక్క కమ్మలు కుదువపెట్టాడు. డబ్బు పంపిన రాత్రి ముగ్గురం కలిసి బిర్యానీ తిన్నాం.

తాళాలు రాలేదు. పోస్టు ఆలస్యమైంది, మీరు రాగానే చేతికే ఇస్తా అన్నాడు. సెప్టెంబరులో లండన్‌లో దిగి, బస్సులో లెస్టర్ చేరి, పెట్టెలు లాక్కుంటూ ఆ ఇంటికి పోయాం. ఇల్లు నిజంగానే ఉంది. నంబరు అదే, తలుపు రంగు అదే. తలుపు తీసింది మాత్రం ఒక గుజరాతీ ముసలమ్మ. ఆ ఇంట్లో ఆమె చాలా ఏళ్ల నుంచి ఉంటున్నదట. మా చేతిలో కాగితాలు చూసి ఆమెకు వెంటనే అర్థమైంది. ముందు వారం కూడా ఇద్దరు అమ్మాయిలు ఇట్లాగే వచ్చారని చెప్పింది. లోపలి ఫోటోలు ఆ ఇంటివే కావు. ఎక్కడో అమ్మకానికి పెట్టిన ఇంకో ఇంటి ఫోటోలు ఎత్తి ఈ చిరునామాకు అతికించారు. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. పెట్టెలు సాయంత్రం దాకా వరండాలో ఉంచుకోమన్నది. ఆ చాయ్ తాగుతూ మాలో ఒకడు ఏడ్చాడు. మిగతా ఇద్దరం కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాం.

ఆ రాత్రి ఒక సీనియర్ తన గదిలో నేల మీద చోటిచ్చాడు. మర్నాడు యూనివర్సిటీ వసతి ఆఫీసుకు పోతే పది రోజులకు తాత్కాలిక గది చూపించారు. వాళ్లను ముందే అడిగి ఉంటే జూలైలోనే దారి చూపేవాళ్లు. మేము అడగలేదు. ఆఫీసు అంటే మనకు భయం. సంతకం కోసం పది సార్లు తిప్పుతారనుకున్నాం.

ఇంకో తప్పు కూడా చేశాం. మోసం తెలిసిన తర్వాత నాలుగు రోజులు సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు పోలీసులకు ఫిర్యాదు చేస్తే ఒక నంబరు ఇచ్చారు. బ్యాంకులో అడిగితే ఎప్పుడో దాటిపోయింది అన్నారు. డబ్బు తిరిగి రాలేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. పది రోజుల గడువు దాటాక ఒక తెలుగు ఇంట్లో చేరాం. ఈసారి ఇంటిపేరు అడగలేదు, సంతోషించాం. ఆ ఇంటిని నడిపే అతను మనిషికి 150 పౌండ్లు డిపాజిట్ నగదుగా తీసుకున్నాడు. రసీదు లేదు. మనవాడే కదా, రసీదు అడిగితే బాగుండదనుకున్నాం. నవంబరులో అతను ఖాళీ చేసి వెళ్లిపోయాడు. డిసెంబరులో అసలు యజమాని వచ్చి లెక్క పెట్టాడు. అగ్రిమెంటు నలుగురికి, ఉన్నది తొమ్మిది మంది. మా పేర్లు ఏ కాగితంలోనూ లేవు. మా 450 పౌండ్లు తన దగ్గరకు రాలేదన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు.

మూడోసారి గాని మాకు బుద్ధి రాలేదు. జనవరిలో ఒక ఏజెంటు ద్వారా 1,050 పౌండ్ల ఇల్లు చూశాం. ఈసారి స్వయంగా పోయి, కుళాయి తిప్పి, హీటర్ వేసి, గోడల చెమ్మ తడిమి చూసి, అన్నీ చదివి సంతకం పెట్టాం. అప్పుడు నేర్చుకున్నవి మీకు వరుసగా చెబుతాం. ఇవి ఇంగ్లండు సంగతులు. అక్కడికి పోయేవాళ్లు కాగితం మీద రాసిపెట్టుకోండి.

మొదటిది, డిపాజిట్‌కు హద్దు ఉంది. 2019 జూన్ 1 నుంచి అక్కడ అమలవుతున్న చట్టం ప్రకారం ఏడాది అద్దె 50,000 పౌండ్లలోపు ఉన్న ఇంటికి ఐదు వారాల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. లెక్క ఇట్లా వేయాలి. నెల అద్దెను 12తో హెచ్చవేసి 52తో భాగిస్తే వారం అద్దె వస్తుంది. మా 1,050కి వారానికి సుమారు 242, ఐదు వారాలకు సుమారు 1,211 పౌండ్లు. ఇల్లు మనకోసం ఆపి ఉంచడానికి తీసుకునే సొమ్ము ఒక వారం అద్దెకు మించకూడదు. కాగితాల ఖర్చు, ఏజెంటు ఫీజు అని వేరే అడగకూడదు.

రెండోది, ఆ డిపాజిట్‌కు రక్షణ ఉండాలి. ప్రభుత్వం అనుమతించిన మూడు డిపాజిట్ రక్షణ పథకాలు ఉన్నాయి. తీసుకున్న 30 రోజుల్లోగా వాటిలో ఒకదానిలో నమోదు చేసి మనకు వివరాలు ఇవ్వాలి. 2007 నుంచి ఈ పద్ధతి ఉంది. ఇవ్వకపోతే కోర్టు ద్వారా డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా పరిహారం అడగవచ్చు. యజమాని ఉంటున్న ఇంట్లోనే మనం ఒక గదిలో ఉంటే మాత్రం ఈ రక్షణ వర్తించదు. మేము 2024లో ఇల్లు ఖాళీ చేసినప్పుడు శుభ్రం చేసినందుకు 60 పౌండ్లు పట్టుకుని మిగతాదంతా మా అకౌంటులో వేశారు. పరాయి దేశంలో మన డబ్బు మనకు తిరిగి రావడం ఎంత సంతోషమో ఆ రోజు తెలిసింది.

మూడోది, నిజమైన యజమాని లేక ఏజెంటు మన వీసా అడుగుతాడు. అక్కడ ఉండే హక్కు మనకు ఉందో లేదో ఇల్లు ఇచ్చేముందు చూడటం ఇంగ్లండులో వాళ్ల బాధ్యత. దానికోసం షేర్ కోడ్ అడుగుతారు. ఇదేమీ అడగకుండా డబ్బు ఒక్కటే అడిగేవాడిని అనుమానించండి. పాస్‌పోర్టు కాపీ మాత్రం ముక్కూ మొహం తెలియనివాడికి పంపకండి. మాకు వచ్చిన పాస్‌పోర్టు ఫోటో బహుశా మాలాంటి ఇంకో అమాయకుడిదే అయి ఉంటుంది.

నాలుగోది, ఏజెంటు అయితే అతని సంస్థ ఫిర్యాదుల పరిష్కార పథకంలోనూ, ఖాతాదారుల సొమ్ము రక్షణ పథకంలోనూ సభ్యత్వం చూపాలి. అది చట్టం. వాళ్లు చెప్పిన మాట నమ్మకుండా ఆ పథకాల జాబితాలో పేరు మీరే వెతకండి. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీలో కొన్ని పౌండ్లు కడితే ఎవరైనా చూడవచ్చు. ఒక్క పూట భోజనం ఖర్చు. ఆ పని చేసి ఉంటే మా 1,200 మిగిలేవి.

ఐదోది, వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేక అంతకు మించి వంటగది, బాత్రూమ్ పంచుకుని ఉండే ఇంటికి కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు ఉన్న ఇళ్ల జాబితా కౌన్సిల్ దగ్గర ఉంటుంది. తొమ్మిది మంది ఉన్న ఇంట్లో అగ్రిమెంటులో పేరు లేకుండా చేరితే, ఎప్పుడు బయట పడతామో మన చేతుల్లో ఉండదు.

ఆరోది, అక్కడ పూచీ పడేవాళ్లు లేరని మన పిల్లలను ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమనేవాళ్లు. మేము మూడు నెలలది కట్టాం. 2025లో వచ్చిన కొత్త అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి మొదలయ్యే మామూలు ప్రైవేటు అద్దెలకు ఒక నెలకు మించి ముందుగా అడగకూడదు. విద్యార్థుల కోసమే కట్టిన కొన్ని పెద్ద భవనాలకు వేరే నిబంధనలు ఉన్నాయి గనుక అక్కడ అడిగి తెలుసుకోండి.

ఇతర దేశాలకు పోయే తమ్ముళ్లకూ రెండు మాటలు. జర్మనీలో డిపాజిట్ మూడు నెలల మూల అద్దెకు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. అక్కడ చిరునామా నమోదుకు ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అది ఇవ్వనంటే ఆ గది వద్దు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో బాండు నాలుగు వారాల అద్దెకు మించకూడదు, అది ప్రభుత్వం దగ్గర జమ కావాలి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. అందుకని ముందు యూనివర్సిటీ వసతి ఆఫీసును అడగండి.

ఇంత గుర్తుండదంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దిగిన మొదటి పది రోజులకు మాత్రమే ఇక్కడినుంచి బుక్ చేసుకోండి. అది కూడా యూనివర్సిటీ గదో, పేరున్న హాస్టలో అయి ఉండాలి. మిగతాది అక్కడికి పోయి, కళ్లతో చూసి, అప్పుడు కట్టండి. పోకముందే తీసుకోక తప్పకపోతే, అక్కడున్న మనిషిని పంపి చూపించుకోండి. అదీ కుదరకపోతే వీడియో కాల్ చేసి వీధి పేరున్న బోర్డు దగ్గర నుంచి ఆపకుండా నడిచి తలుపు తీసి వంటగది దాకా చూపించమనండి. అబద్ధమాడేవాడు ఆ నడక నడవలేడు. ఫోటోలను ఇంటర్నెట్‌లో ఫోటోతోనే వెతికితే ఇంకెక్కడ ఉన్నాయో బయటపడుతుంది. డబ్బు వెళ్లే అకౌంటు పేరు, అగ్రిమెంటులో పేరు ఒకటే కావాలి. సాయంత్రంలోగా కట్టమన్నవాడికి అసలు కట్టకండి.

ఒకవేళ మోసపోతే సిగ్గుపడి కూర్చోవద్దు. ఆ గంటలోనే బ్యాంకుకు చెప్పండి. ఇండియా నుంచి పంపిన డబ్బు అయితే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఇంగ్లండులో 2024 అక్టోబరు 7 నుంచి ఇటువంటి మోసాల్లో పోయిన సొమ్మును బ్యాంకులు చాలావరకు తిరిగి ఇవ్వాలనే నిబంధన వచ్చింది. కానీ అది అక్కడి బ్యాంకు నుంచి అక్కడి బ్యాంకుకు పంపిన డబ్బుకే. ఇక్కడినుంచి పంపిన దానికి వర్తించదు. ఇక్కడినుంచి ముందుగా కట్టవద్దని మేము ఇంతగా చెప్పడానికి అదొక కారణం.

మా ఇళ్లల్లో ఈ సంగతి ఏడాది దాకా చెప్పలేదు. వీడియో కాల్‌లో గది ఎట్లుందంటే మంచిగుంది అన్నాం. వారాంతాల్లో గోదాముల్లో పని చేసి, గ్రూపు లోను వాయిదాలు పంపించి, కమ్మలు విడిపించి, 2023 దసరాకు నిజం చెప్పాం. తిడుతుందనుకున్నాం. మేకలు అమ్మిన ఇంటి అమ్మ కాసేపు ఊరుకుని, "ఇల్లు చూడకుండ పైసలెట్ల కట్టిండ్రు బిడ్డా? మేకను కొన్నా నోరు తెరిచి పండ్లు చూస్తం గదా" అన్నది. ఆమె బడికి పోలేదు. మేము ముగ్గురం పీజీలు. పైన మేము రాసినదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఇప్పుడు మాలో ఇద్దరం అక్కడే ఉద్యోగం చేస్తున్నాం, ఒకడు హైదరాబాద్ వచ్చేశాడు. మనసులో ఒక నియమం పెట్టుకున్నాం. మన హాస్టల్ నుంచి గాని, ఏ సంక్షేమ హాస్టల్ నుంచి గాని ఎవరు లెస్టర్ వస్తున్నా, వాళ్లు డబ్బు కట్టకముందు మేము పోయి ఆ ఇల్లు చూసి వస్తాం. ఇప్పటికి తొమ్మిది ఇళ్లు చూశాం. రెండు ఇళ్లు అబద్ధం. ఇంటిపేరు అడగం, ఊళ్లో ఎటువైపు అని అడగం. ఏ హాస్టల్, ఏ బ్యాచ్ అని మాత్రం అడుగుతాం.

మా ఫోన్ నంబర్లు వార్డెన్ గారి దగ్గర ఉన్నాయి. మొహమాటపడకుండా అడగండి. పోయిన 1,200 పౌండ్లు తిరిగి రావు. మీలో ఒక్కరి డబ్బు ఆగినా, ఆ రాత్రి తిన్న బిర్యానీ మాకు అరిగినట్టే.

ఇట్లు
మీ అన్నలు ముగ్గురు